గీడ చెట్టు వస్తది

నా ఉద్యోగం ఏమిటో మా ఇంటి ఓనరు ఆంటీకి ఇంతవరకూ అర్థం కాలేదు. తార్నాకలో ఆమె మేడమీది వాటాలో ఉంటాను. మెట్ల దగ్గర ఎదురుపడితే చాలు, కొంగుతో మొహం తుడుచుకుంటూ అడుగుతుంది.

"ఏందమ్మా, ఇయ్యాల గూడ ఆడుకునుడేనా నీ డ్యూటీ?"

"అవునాంటీ."

"గెలిచినవా మరి?"

"గెలిచేదాకా ఆడనివ్వరాంటీ."

"మంచిగున్నది తియ్ నీ కొలువు" అని లోపలికి పోతుంది.

ఆమె వెక్కిరించినా అది నిజమే. ఒక తెలుగు పత్రిక వెబ్‌సైటుకు వీడియో గేముల గురించి రాస్తాను. గేములు తయారుచేసేవాళ్ళూ, వాటిని తీసుకుని అమ్మిపెట్టే కంపెనీలవాళ్ళూ కలిసి ఊరవతల పెద్ద హాళ్ళలో సంతలాంటిది పెడతారు. ఇంకా తయారవుతున్న గేములోంచి ఒక ముక్క కోసి, టేబుల్ మీద పెట్టి, నాలాంటి విలేకరులను పిలిచి ఆడిస్తారు. దాన్ని డెమో అంటారు. అందులో ఒక సందు తిరిగి, ఒక తలుపు తీసి, ఇప్పుడిప్పుడే ఏదో తెలియబోతోంది అనుకునేసరికి వెనక నుంచి ఎవరో భుజం తడతారు. "టైమ్ అయిపోయింది మేడమ్, నెక్స్ట్ వాళ్ళు వెయిటింగ్" అంటారు. లేచి పక్క టేబుల్‌కి పోవాలి. హాలు బయట పోస్టర్లలో మాత్రం ఆ గేము అప్పుడే లోకాన్ని జయించేసి ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సోమలింగాలను చూసి వచ్చి రాయడమే ఇన్నేళ్ళుగా నా బతుకు. ఒక్క గేమూ చివరిదాకా ఆడింది లేదు. పూర్తయి దుకాణాల్లోకి వచ్చేసరికి నేను మరో సంతలో మరో మొదలు దగ్గర ఉంటాను.

దీనికి నేనేమీ బాధపడలేదు. చెప్పొద్దూ, నాకు పూర్తయిన గేములంటే పెద్దగా ఇష్టం లేదు. పూర్తికాని గేములో నడవడం కలలో నడవడమే. మనుషులుంటారు, మొహాలుండవు. ఇంకా నడక నేర్పలేదు కాబట్టి చేతులు రెండూ చాచి నడి బజార్లో నిలబడి ఉంటారు. సముద్రం ఉంటుంది, కదలదు. వాన ఇంటికప్పులోంచి నేరుగా వంటింట్లోకి కురుస్తుంది, అయినా ఏదీ తడవదు. తలుపు తీస్తే అవతల గది బదులు ఉత్త ఆకాశం. అక్కడ నిలబడి, ఈ తలుపు వెనక ఏం పెడదామనుకున్నారో అని ఆలోచిస్తూ ఉండిపోతాను. ఆ ఆలోచించడం నాకు మహా ఇష్టం.

సంత అయిన మర్నాడు పొద్దున్నే మా పక్కనున్న యూనివర్సిటీ క్యాంపసులోకి వాకింగ్‌కి పోతే ఆ మత్తు ఇంకా దిగి ఉండదు. తార్నాక వైపు గేటు దాటి లోపలికి నడుస్తుంటే మంచులో దూరంగా ఉండాల్సిన రాతి భవనం ఉండదు. నాలుగడుగులు వేస్తే కమానులు వస్తాయి. ఇంకొంచెం నడిస్తే మెట్లు వస్తాయి. నేను వస్తున్నానని తెలిసి ఎవరో గబగబా పెడుతున్నట్టే ఉంటుంది. పొదల్లోంచి నెమలి అరుస్తుంది కానీ నెమలి కనిపించదు. అరుపు అయింది, నెమలిని ఇంకా చెయ్యలేదు కాబోలు అనుకుంటాను. ఎదురొచ్చే పెద్దాయన చేతులు ముందుకు చాచి వ్యాయామం చేస్తుంటే, పాపం ఈయనకింకా నడక పెట్టలేదు అని నవ్వొస్తుంది. పిచ్చిదానినని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

ఒక పిల్ల నాకు దొరికింది కూడా ఇలాంటి సంతలోనే. ఆ రోజు నేను మంచి చిరాకులో ఉన్నాను. పొద్దుటి నుంచీ ఒకరి తర్వాత ఒకరు కోట్లు వేసుకున్న అబ్బాయిలు "ఇట్లాంటిది ప్రపంచంలో ఇంతవరకూ రాలేదు మేడమ్" అంటూ అందరూ ఒకే తుపాకీ ఆట చూపించారు. చెవులు గింగురుమంటున్నాయి. కాసేపు కూర్చుందామని టాయిలెట్లకు పోయే దారివైపు తిరిగితే, అక్కడ గోడకానుకుని సగం టేబుల్, దాని మీద ఒక పాత లాప్‌టాప్, వెనక ఒక అమ్మాయి. పోస్టరు లేదు. కోటు లేదు. పసుపు పచ్చ చున్నీ, కళ్ళకింద నిద్రలేని నలుపు.

"అక్కా, ఇంక కాలే. జర చూస్తరా?" అంది.

పొద్దుటి నుంచి నాకు నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. కూర్చున్నాను.

తెరంతా బూడిద రంగు. నేల బూడిద, ఆకాశం తోమిన స్టీలు కంచం రంగు. మధ్యలో దారి, దారికి రెండువైపులా పెద్దవీ చిన్నవీ ఉత్త పెట్టెలు. గేము కట్టేటప్పుడు ముందు ఇలా పెట్టెలే పెడతారు. చెట్టు రావలసిన చోట ఒక పెట్టె, ఇల్లు రావలసిన చోట ఒక పెట్టె. ఎక్కడేముంటుందో, ఎంత దూరముంటుందో తెలియడానికి. తర్వాత బొమ్మలు గీసేవాళ్ళు వచ్చి ఒక్కో పెట్టెనూ తీసి అసలుది పెడతారు. అది నాకు కొత్త కాదు. కొత్త ఏమిటంటే ఈ పెట్టెల మీద రాతలున్నాయి. చేతిరాత, తెలుగు. దగ్గరికి నడిచాను.

"గీడ చెట్టు వస్తది" అని ఉంది.

ఇంకొంచెం ముందు, "గాడ చాయ్ బండి. పొగ రావాలె." ఇంకో చిన్న పెట్టె మీద, "కుక్కలు పండుకుంటయ్. లేపొద్దు." పొడుగాటి గోడలాంటి దాని మీద, "ఎండకు వేడెక్కుతది. పొద్దుమీకినంక గూడ వేడి ఉంటది."

ఆ దారి మలుపు చూడగానే ఆగిపోయాను. ఆ మలుపు నా కాళ్ళకు తెలుసు.

"ఇది మన క్యాంపస్ కదా! తార్నాక గేటు!"

పిల్ల మాట్లాడలేదు. ఆడేవాళ్ళ వెనక నిలబడ్డ తయారీదారు నోరెత్తకూడదు. వాళ్ళ ఆనవాయితీ అది. ఆడేవాళ్ళు ఎక్కడ తప్పిపోతారో, ఎక్కడ ఆగుతారో మాటల్లేకుండా చూస్తేనే తమ తప్పులు తమకు తెలుస్తాయట. ఆ పిల్ల చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది.

ఆ ఆటలో చేయగలిగినవి రెండే. నడవడం, కూర్చోవడం. తుపాకీ లేదు, పరుగు లేదు. నడిచాను. రాతి భవనం ఉండాల్సిన చోట ఆకాశమంత పెట్టె, దాని ముందు మెట్లు. మెట్ల మీద రాసి ఉంది. "రిజల్ట్ వచ్చిన దినం గీడ ఒక పిల్ల ఏడుస్తది. ఏమైందని అడగొద్దు. పక్కన కూసోవాలె." కూర్చునే బటన్ నొక్కాను. తెరలో నా మనిషి మెట్ల మీద కూర్చుంది. పక్కన పిల్ల లేదు, ఉత్త మెట్టే ఉంది. అంత సందడి హాల్లో, వందల తుపాకుల మోతలో, నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

లేచి ఎటో నడిచాను. దారి అయిపోయిందని చూసుకోలేదు. నేల లేదు. పడిపోతున్నాను, పడిపోతూనే ఉన్నాను, పైన క్యాంపసంతా చిన్నదై, చిన్నదై, ఒక బూడిద చుక్కయింది.

"అయ్యో! అటుదిక్కు పోవద్దని చెప్దామనుకున్న అక్కా."

"మరి చెప్పవేం?"

"చెప్పొద్దంటరు గద."

ఇద్దరం నవ్వాం. ఆమె టేబుల్ దగ్గర భుజం తట్టేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఇంకోసారి ఆడాను, ఇంకోసారి పడ్డాను. తర్వాత కింద కూర్చుని సమోసాలు తింటూ అడిగాను, రాతలు చేత్తో ఎందుకు రాశావని. టైప్ చేస్తే ఆ సాఫ్ట్‌వేరులో ఒత్తులన్నీ విడిపోయి పక్కకు దొర్లుతున్నాయట. అందుకని ఫోను మీద వేలితో రాసి, బొమ్మలా అతికించిందట.

క్యాంపసులోనే చదివింది, చదువైపోయింది, హాస్టలు వదిలి వారాసిగూడలో ఒక గదిలో తల్లితో ఉంటోంది. తల్లిది పాలమూరు వైపు. కట్టడాల దగ్గర ఇటుకా ఇసుకా మోసిన మనిషి. షుగరు వచ్చి ఒక కన్ను పోయింది. రెండో కంటికి కూడా తెర దిగుతోంది. డాక్టరు ఎన్నాళ్ళని చెప్పలేనన్నాడు.

"నేను హాస్టల్ల ఉన్నన్ని దినాలు గేటు దాక వచ్చి సద్ది ఇచ్చి పోతుండె అక్కా. లోపలికి రమ్మంటే రాలే. 'నా కాళ్ళకు సిమెంటున్నది, నేనేడ వస్త' అంటుండె. మొన్న ఆటోల తీస్కపోయిన. ఆటో దిగలే. గాడికెళ్ళి చూస్తే ఆమెకు దూరంది ఏం కనవడది. తెర మీదిదైతే దగ్గరికెళ్ళి చూస్తది. వెలుగుంటది గద. గందుకే చేస్తున్న. చెట్లు, పూలు, మంచిగ పూర్తయిన జాగల ఆమె ఒక్కసారన్న తిరగాలె. కన్ను ఉండంగనే."

ఒంటరిగా కట్టుకుంటూ పోతే ఏళ్ళు పడుతుంది. ఏదైనా కంపెనీ తీసుకుని, బొమ్మలు గీసేవాళ్ళనిస్తే తొందరగా అవుతుంది. మర్నాడు బెంగుళూరు నుంచి ఒక కంపెనీ మనిషి చూడ్డానికి వస్తానన్నాడట. "చూస్తడో చూడడో" అని సమోసా ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

చూసేట్టు నేను చేస్తాను అనుకున్నాను మనసులో. ఇంటికొచ్చి వేడి మీద రాసేశాను. నా నోరే ఊరుకోదు, చెయ్యి అసలే ఊరుకోదు. చెట్టు కంటే చెట్టు వస్తుందనే మాట ఎంత చల్లగా ఉందో రాశాను. ఏడ్చే పిల్ల లేని మెట్టు మీద కూర్చుంటే ఏమైందో రాశాను. చివర్న, "ఇది అరుదైన ఆట. దయచేసి దీన్ని పూర్తి చేయకండి" అని ముగించాను. మా వృత్తిలో అదొక మెచ్చుకోలు. పచ్చడి నాలిక్కి రాసుకుని "ఇంకేం కలపకు" అంటామే, అలాంటిది.

నేను రాసినవి మామూలుగా మా ఎడిటరూ నేనూ చదువుతాం. ఇది మాత్రం ఎలా పాకిందో పాకింది. ఎవరో ఇంగ్లీషులో పెట్టారు. సంత రెండోరోజు ఆ సగం టేబుల్ దగ్గర క్యూ టాయిలెట్ల దాకా ఉందని చెప్పారు. కంపెనీ మనిషి వచ్చాడనీ, చూశాడనీ, తీసుకుంటానన్నాడనీ తెలిసింది. నేను ఆ వారమంతా మేఘాల్లో తేలాను. నల్లకుంట మార్కెట్టుకు కూరగాయలకు పోయి, వంకాయల ముందు నిలబడి నాలో నేను నవ్వుకుంటుంటే కూరగాయలామె "ఏందమ్మా, శాదీ కుదిరిందా?" అని అడిగింది.

ఆదివారం పొద్దున ఓనరాంటీ కింది నుంచి కేకేసింది. "నీ ఆటల పిల్ల ఎవరో వచ్చింది, మస్తు గరం మీదున్నది, చూస్కో!"

పిల్ల మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. చెప్పులు విడవలేదు.

"ఏం రాసినవ్ అక్కా నువ్వు?"

"బాగుందని రాశాను."

"పూర్తి చెయ్యకున్రి అని రాసినవ్. ఆయన గూడ గదే అంటున్నడు. ఉన్నదున్నట్టు ఇస్తేనే తీసుకుంటడట. చెట్లు పెడితే ఒద్దంటడట. అందరు మాట్లాడుకునేది రాతల గురించే, గవి తీస్తే ఏమున్నది అంటున్నడు."

"మంచిదే కదా! కంపెనీ వచ్చింది కదా నీకు!"

"అక్కా, నువ్వు దుకానుకు పోయేటప్పుడు ఉప్పు, పప్పు, చింతపండు అని చీటీ రాసుకుంటవ్ గద. ఎవడన్న ఆ చీటీ చూసి, వంట బ్రహ్మాండంగున్నది, ఇగ పొయ్యి ముట్టియ్యకు అంటే ఎట్లుంటది నీకు? గవి నేను మర్చిపోవద్దని రాసుకున్నయ్. మా అమ్మకు చదువే రాదు. ఆమెకు చీటీ ఏం పెట్టాలె?"

నాకు సర్రున కోపం వచ్చింది. నేను రాయకపోతే నీ టేబుల్ దగ్గరికి ఈగ వాలేది కాదు అనేశాను. ఆమె ఊరుకుందా? "ఈగలతోటి నాకేం పని, నాకు చెట్లు కావాలె" అంది. వంటింట్లో కుక్కరు కూతపెట్టింది. ఇద్దరం అటు చూశాం. నేను రాసింది తప్పని నాకు ఆ రోజూ అనిపించలేదు, ఈ రోజూ అనిపించదు. ఆ మెట్టు మీద నేను ఏడ్చింది నిజం. కానీ ఆ పిల్ల చెప్పుల వైపు చూస్తే, అవి మెట్టుగూడ దాటి, రైల్వే క్వార్టర్ల మీదుగా, వారాసిగూడ నుంచి నడిచొచ్చిన దుమ్ముతో ఉన్నాయి. నా కోపం చల్లారింది.

"ఎప్పటికి చెప్పాలి వాళ్ళకి?"

"రేపు కాదు, వచ్చే సోమవారం."

"అయితే నువ్వూ నేనూ కొట్టుకోవడం దేనికి? ముందురోజు ఆదివారం అమ్మను తీసుకురా. మా టీవీ పెద్దది. ఆమెనే తిరగనిద్దాం, ఆమెనే అడుగుదాం."

"ఇంక కాలే అక్కా" అంది మళ్ళీ. కానీ చెప్పులు విడిచి లోపలికొచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటోలో వచ్చారు. ఆంటీ చెయ్యిచ్చి మెట్లెక్కించింది. సన్నటి మనిషి, దళసరి అద్దాలు, నుదుటి మీద తట్ట మోసిన గుర్తు చీర కొంగు కింద దాచుకున్నా తెలుస్తోంది. సోఫాలో కూర్చోమంటే కూర్చోలేదు. ముందు నా గోడ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా కిందికి దించింది.

"లప్పం మంచిగ పెట్టిన్రు" అంది. తర్వాత, "ఎన్ని కట్టినమో బిడ్డా. అన్ని అయిపోయినంక లోపలికి గిట్ల వచ్చుడు ఇదే మొదలు నాకు."

నేలమీద, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. పిల్ల తన రెండు చేతుల్తో తల్లి చేతుల్లో ఆటబిళ్ళ, అదే గేము నడిపించే బటన్ల రిమోటు, పెట్టి, బొటనవేళ్ళు ఎక్కడుండాలో చూపించింది. కర్టెన్లు వేశాను. గదంతా ఆ బూడిద వెలుగు పరుచుకుంది. బయట తార్నాక చౌరస్తా హారన్లు ఎక్కడో నీళ్ళలోంచి వినిపిస్తున్నట్టున్నాయి.

ఆమె నడిచింది. మొదట గోడలకు గుద్దుకుంటూ, తర్వాత గుద్దుకోకుండా. నేను జీవితంలో ఎంతోమంది ఆడటం చూశాను. అంత మెల్లగా నడిచినవాళ్ళను చూడలేదు. ప్రతి పెట్టె దగ్గరా ఆగింది.

"ఇంక చెట్లు రాలేదమ్మా. అన్ని డబ్బాలే ఉన్నయ్. ఏమనుకోకు" అంది పిల్ల. ఆనవాయితీ గీనవాయితీ అన్నీ మరిచిపోయింది.

"తెలుస్తున్నది తియ్. ముగ్గు పోసి పెట్టిన్రు" అంది తల్లి. ఇల్లు కట్టబోయే ముందు నేల మీద సున్నంతో గదుల గీతలు గీస్తారు. ఆమెకు అది అదే.

ఒక పెట్టె దగ్గర టీవీకి ముక్కు ఆనించేటంత ముందుకు వంగింది. అద్దాలు పైకి తోసుకుని ఉన్న ఒక్క కంటితో చూసింది. చూసి చూసి ఫక్కున నవ్వింది.

"గోడల మీద రాసుడు ఇంక మానలేదానే నువ్వు?"

పిల్ల రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. అప్పుడు తెలిసింది నాకు. చిన్నప్పుడు వాళ్ళు ఉన్నదంతా సగం కట్టిన అపార్ట్‌మెంట్లలోనే. తలుపుల్లేని గదిలో పరదా కట్టుకుని, ఎవరిదో పడగ్గది కాబోయే చోట మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని ఉండేవాళ్ళు. బడిలో అక్షరాలు నేర్చుకొచ్చి ఈ పిల్ల ఇటుక ముక్కతో సిమెంటు పుయ్యని గోడల మీద రాసేదట. గీడ బీరువా వస్తది. గీడ టీవీ వస్తది. గీడ అమ్మ పండుకుంటది. తల్లి చదవలేకపోయినా కూతురి రాత ఎలా ఉంటుందో ఎరుగును. ఆ రాతల మీద సిమెంటు పడేది, సిమెంటు మీద సున్నం పడేది. అప్పటికి వీళ్ళు ఇంకో కట్టడంలో ఉండేవాళ్ళు.

"ఏం రాసినవ్ గీడ?" అని అడిగింది తల్లి.

"గీడ చెట్టు వస్తది అని రాసిన."

"ఏం చెట్టు?"

"ఎర్ర పూలదమ్మా. ఎండకాలం మొత్తం ఎర్రగ ఉంటది. కిందంత పూలే పడతయ్."

తల్లి ఆ పెట్టె పక్కనే తన మనిషిని కూర్చోబెట్టింది. ఆ బటన్ ఆమెకు బాగా నచ్చింది. అలా కూర్చోబెట్టి తనూ గోడకు చేరగిలింది. ఇద్దరు మనుషులు, తెరలో ఒకరు, నా గదిలో ఒకరు, రాని చెట్టు కింద విశ్రాంతి తీసుకుంటున్నారు. నాకు కల కంటున్నట్టే ఉంది, అందులో నేను కూడా ఎవరో ఇంకా పూర్తిచేయని మనిషిలా ఉన్నాను.

చాలాసేపటికి ఆమె అడిగింది. "ఎన్నటికి పూర్తయితదే ఇది?"

పిల్ల అంతా చెప్పింది. కంపెనీ సంగతి, వాళ్ళ షరతు, కాదంటే ఎన్నాళ్ళు పడుతుందో ఆ సంగతి. కంటి సంగతి మాత్రం ఎత్తలేదు. తల్లి వింటూ ఆటబిళ్ళను ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

"పూర్తి చెయ్యకు బిడ్డా" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. నా మాటే! అక్షరం పొల్లుపోకుండా నా మాట. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు పిల్ల వైపు చూశాను కూడా. పిల్ల మొహం తెల్లబోయింది.

"ఎందుకమ్మా?"

"పూర్తయితే పొమ్మంటరు గద" అంది తల్లి, చాలా మామూలుగా. "ఏడ జూసినా గంతే గద మనకు. సున్నం పడంగనే తట్టబుట్ట సర్దుకునుడే. గీడ మంచిగున్నది. దుమ్ము లేదు, మేస్త్రి లొల్లి లేదు. జర కొన్ని దినాలు ఉండనియ్యరాదు మనల్ని."

నేను పూర్తి చేయొద్దన్నది కల చెదిరిపోతుందని. ఆమె వద్దన్నది గోడలు లేచాక వెళ్ళగొడతారని. మాట ఒకటే కానీ నేను ఆ మాట అన్నప్పుడు సోఫాలో కూర్చుని ఉన్నాను.

పిల్ల తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"ఇది మనదేనే అమ్మా. పొమ్మనెటోళ్ళు ఎవరు లేరు."

"మేస్త్రి?"

"నేనే మేస్త్రిని."

"ఓనరో?"

"నేనే."

"ఉత్తగనే అంటున్నవ్."

"నీ మీదొట్టు."

తల్లి నావైపు తిరిగింది, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను, ఆమెకు తలూపడం కనిపించిందో లేదో అని "నిజమేనమ్మా" అని పైకి కూడా అన్నాను. ఆమె మళ్ళీ తెర వైపు తిరిగి, ఆ బూడిద నేలనూ ఆ పెట్టెనూ కొలిచినట్టు చూసింది.

"అట్లయితే చెట్టు పెట్టు" అంది.

సోమవారం పిల్ల ఫోనులో కంపెనీ మనిషికి వద్దని చెప్పేసింది. ఆయన పెద్దగా బతిమాలలేదు. సంతలో సోమలింగాలకు కొదవా? ఆమె ఒక ఆఫీసులో చేరింది. అక్కడ పనేమిటంటే, ఇతరుల పూర్తికాని గేములు ఆడి ఎక్కడెక్కడ తప్పులున్నాయో చెప్పడం. "నీ కొలువే అక్కా, రాసుడు ఒక్కటి లేదు" అని నవ్వింది. మిగిలిన పొద్దంతా చెట్టు మీదే. ఒక్కతే కూర్చుని బెరడు, కొమ్మలు, ఆకులు. ఆదివారాలు క్యాంపసుకు వచ్చి అసలు చెట్టు కింద నిలబడి తలెత్తి చూసేది. నేనూ వాకింగు ఆపి పక్కన నిలబడి తలెత్తేదాన్ని. అన్నేళ్ళు ఆ దారిన నడిచాను కానీ ఆ చెట్టును అలా చూడలేదు. దూరం నుంచి రాతి భవనం మంచులోంచి వస్తుంటే, ఎవరో పెడుతున్నారనే నా పిచ్చి ఊహకు ఇప్పుడు ఒక మొహం కూడా వచ్చింది. చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకున్న మొహం.

నేను మళ్ళీ రాశాను, ఆ ఆటలో చెట్లు వస్తున్నాయని. అది మా ఎడిటరూ నేనూ చదివాం.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం తల్లిని మళ్ళీ తీసుకొచ్చింది. ఈసారి ఆంటీ ఒక్కతే కాదు, నేనూ రెండోవైపు పట్టుకోవలసి వచ్చింది. ఆమె నా గోడను అరచేత్తో తడుముకుంటూనే టీవీ దాకా వచ్చింది. కూర్చుని, తెరకు దాదాపు చెంప ఆనించింది. ఆలస్యమైపోయిందేమో అని పిల్లా నేనూ అనుకుంటున్నాం.

బూడిద లోకంలో అన్నీ పెట్టెలే, ఒక్కచోట తప్ప. ఆమె మనిషి మెల్లగా నడిచి మలుపు తిరిగింది.

"ఎర్రగున్నది" అంది తల్లి.

పిల్ల చున్నీ కొస పళ్ళ మధ్య పెట్టుకుంది.

"మస్తు ఎర్రగున్నదే! పైనంత అదేనా?" చెయ్యి చాచి తెర మీద కొమ్మలున్నచోట అద్దాన్ని తాకింది. అక్కడి నుంచి కిందికి, మొదలు దాకా వేలితో దిగింది. తర్వాత బటన్ వెతుక్కుని తన మనిషిని చెట్టు కింద కూర్చోబెట్టింది. నేల వైపు చాలాసేపు చూసింది.

"నీడ ఏదే?"

గేముల్లో నీడ వేరే పని. చెట్టు పెట్టగానే నీడ రాదు, దాన్ని విడిగా కట్టాలి. చెట్టుకే ఇన్నాళ్ళు పట్టింది. పిల్ల తల వంచుకుని, చెట్టు కింద నేల మీద తను కొత్తగా రాసిన రాతను చదివి వినిపించింది.

"గీడ నీడ వస్తది."

తల్లి గోడకు చేరగిలి కాళ్ళు చాపుకుంది.

"వస్తది తియ్. మనల్నెవరు పొమ్మంటరు, కూసుందాం" అంది.